పాత సినిమాను బాగుచేసి మళ్లీ పెద్ద తెరకు ఎక్కించడం ఎలా?

పాత సినిమా రీళ్లు చేతికి రాగానే చాలామంది మొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?" అని. నిజానికి ఆ ప్రశ్న ఈ పనిలో సగం దారి దాటాకే వస్తుంది. తెర మీద బొమ్మ ఎలా ఉంటుందన్నది ఏ రీలు ఎంచుకున్నారు, దాన్ని ఎలా స్కాన్ చేశారు అన్న దగ్గరే చాలావరకు తేలిపోతుంది. స్కాన్‌లోకి రాని వివరాన్ని తర్వాత ఎవరూ పుట్టించలేరు. ఇక్కడ 35 ఎంఎం సినిమా, నిడివి రెండున్నర గంటలు అనుకుని, డబ్బా మూత తీయడం నుంచి హాల్లో బొమ్మ పడేదాకా వరసగా చెబుతున్నాం. లెక్కలన్నీ ఆ నిడివికే.

ఒక్క మాట ముందే. ప్రింటు మీ దగ్గర ఉన్నంత మాత్రాన ప్రదర్శన హక్కు మీది కాదు. హక్కుదారు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే స్కానింగ్‌కు బయానా ఇవ్వండి.

1. డబ్బా తెరిచే ముందు, తెరిచాక

చల్లటి గదిలోంచి తెచ్చిన డబ్బాను వెంటనే తెరవకండి. మూత బిగించే ఉంచి 24 గంటలు మామూలు గదిలో పెట్టండి. లేకపోతే చల్లటి నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టే ఫిల్ముకూ పడుతుంది. తడిసిన ఎమల్షన్ (బొమ్మ ఉండే జెలటిన్ పూత) మెత్తబడి చుట్టకు చుట్ట అతుక్కుపోతుంది.

తర్వాత తెలుసుకోవలసింది అది ఏ రకం ఫిల్మో. 1950ల తొలినాళ్ల దాకా వచ్చిన 35 ఎంఎం ఫిల్ము నైట్రేట్ అయ్యే అవకాశం ఉంది. నైట్రేట్ మండడం మొదలుపెడితే నీళ్లలో ముంచినా ఆరదు, మంటకు కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. ఫిల్ము జిగటగా ఉన్నా, తేనెలాంటి బుడగలు కనిపించినా, డబ్బా అడుగున గోధుమరంగు పొడి రాలి ఉన్నా ఇక ముట్టుకోకుండా నైట్రేట్ భద్రపరిచే ఏర్పాట్లున్న ఆర్కైవ్‌కు అప్పగించండి. చిన్న ముక్క కాల్చి చూద్దామనే సరదా అసలు వద్దు. అంచున "సేఫ్టీ" అని ముద్ర ఉంటే సులభంగా మండని ఎసిటేట్ అని చాలామంది తేల్చేస్తారు. అదీ పూర్తి భరోసా కాదు. ఒక ఫిల్ము నుంచి మరో ఫిల్ముకు కాపీ తీసినప్పుడు పాతదాని అంచు అక్షరాలు కూడా ముద్రపడి వస్తాయి.

ఎసిటేటా పాలిస్టరా అన్నది తేలిక. చుట్టను పక్కవాటుగా దీపం ముందు పట్టుకోండి. వెలుతురు చుట్టలోంచి దిగివస్తే పాలిస్టర్, చీకటిగా ఉంటే ఎసిటేట్.

ఎసిటేట్‌కు పట్టే రోగం వెనిగర్ సిండ్రోమ్. మూత తీయగానే పుల్లటి వాసన ముక్కుకు కొడుతుంది. వాసనతో ఉందో లేదో తెలుస్తుంది గాని ఎంత ముదిరిందో తెలియదు. దానికి ఏ-డీ స్ట్రిప్ అనే నీలం కాగితపు ముక్కను మూసిన డబ్బాలో 24 గంటలు ఉంచండి. నీలంగానే ఉంటే బాగున్నట్టు, ఆకుపచ్చకు తిరిగితే రోగం పట్టినట్టు, పసుపైతే ముదిరినట్టు. స్కేలు మీద 1.5 దాటితే ఆ ఆమ్లమే మరింత ఆమ్లాన్ని పుట్టిస్తూ వేగంగా పాడుచేస్తుంది. అలాంటి రీళ్లను వేరే గదికి మార్చి, స్కానింగ్ వరసలో అందరికంటే ముందు నిలబెట్టండి.

ఇక కుదింపు. ప్రింటు మీద 100 పెర్ఫరేషన్ల (అంచు రంధ్రాల) పొడవు 475 మిల్లీమీటర్లు ఉండాలి, కెమెరా నెగటివ్ మీద 474. మీ ప్రింటు 470 చూపిస్తే ఒక శాతానికి పైగా కుదించుకుపోయినట్టు. 0.8 శాతం దాటిన దాన్ని ప్రొజెక్టర్‌కు ఎక్కించకండి. స్ప్రాకెట్ పళ్లు రంధ్రాలకు సరిగా అందక అంచులు చిరుగుతాయి. రీలు మొదట్లో ఒకసారి కొలిచి ఊరుకోవద్దు, మధ్యలోనూ చివరా కొలవండి. బయటి చుట్లు ఒకలా, లోపలివి ఒకలా కుదించుకుపోతాయి.

2. ఏ రీలు నుంచి మొదలుపెట్టాలి

కెమెరా నెగటివ్, దాని నుంచి మాస్టర్ పాజిటివ్, దాని నుంచి డూప్ (నకలు) నెగటివ్, దాని నుంచి రిలీజ్ ప్రింటు. మెట్టు దిగినకొద్దీ వివరం తగ్గుతుంది, గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రేణువులు) పెరుగుతుంది. కాబట్టి కెమెరా నెగటివ్ దొరికితే మొదటి ఓటు దానికే.

దొరికింది ఏ తరం కాపీయో అనుమానంగా ఉంటే మచ్చల రంగు చూడండి. నెగటివ్ మీద పడిన దుమ్ము తెర మీద తెల్ల చుక్కగా కనిపిస్తుంది, ప్రింటు మీద పడినది నల్ల చుక్కగా. ప్రింటులో తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయంటే అవి దాని తల్లి నెగటివ్ నుంచి ముద్రపడి వచ్చినవి. ఎంత తుడిచినా పోవు, కంప్యూటర్‌లోనే తీయాలి. కలర్ ప్రింటు మీద ఆకుపచ్చ గీత ఉంటే ఎమల్షన్ పైపొర మాత్రమే గీరుకుపోయింది. పసుపు గీతైతే ఇంకా లోతుకు దిగింది. తెల్ల గీతైతే అక్కడ బొమ్మే లేదు.

కెమెరా నెగటివ్‌లోనూ లోటుపాట్లుంటాయి. టైటిళ్లు, ఫేడ్లు (బొమ్మ నెమ్మదిగా నల్లబడడం), డిజాల్వులు (ఒక బొమ్మ మరోదానిలోకి కరగడం) దానిలో డూప్ ముక్కలుగా అతికి ఉంటాయి, అక్కడికి రాగానే గ్రెయిన్ ఒక్కసారి ముతకబడుతుంది. ఎక్కువ ప్రింట్లు తీసిన సినిమా అయితే మంచి పేరున్న రీలే ఎక్కువ చిరిగి ఉంటుంది, పాట ఉన్న రీలు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే దొరికిన ప్రతి కాపీనీ పోగుచేసి, రీలువారీగా అడుగులు, ఫ్రేములు రాసుకోండి. అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు, వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు, మొత్తం సినిమా 13,500 అడుగులు. నెగటివ్ ఐదో రీలు ప్రింటు ఐదో రీలు కంటే 12 అడుగులు తక్కువుంటే 8 సెకన్ల బొమ్మ ఎక్కడో పోయింది. అది ఏ షాటో ఇప్పుడే పట్టుకోండి. స్కాన్ అయ్యాక వెతకడం రెండింతల పని.

పాత ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లు ఎర్రబారి ఉంటాయి. సయాన్ రంగు ముందు వెలిసిపోవడమే కారణం. బొమ్మ తీసుకోవడానికి అవి ఆఖరి దారి. అదే టెక్నికలర్ డై-ట్రాన్స్‌ఫర్ ప్రింటు దొరికితే వదలకండి. దాని రంగులు అంతగా వెలవవు కాబట్టి, స్కాన్‌కు వాడకపోయినా గ్రేడింగ్‌లో (రంగులు సరిదిద్దే పనిలో) ఏ చీర ఏ రంగో చెప్పే సాక్షి అదే.

3. అతుకులు, శుభ్రం

రీవైండర్ మీద చేత్తో, నెమ్మదిగా తిప్పండి. మోటారు వద్దు. అంచులు వేళ్ల మధ్య ఆడుతుంటే చిరిగిన పెర్ఫరేషన్ కంటికంటే ముందు చేతికే తెలుస్తుంది. విరిగిన రంధ్రాలకు పెర్ఫరేషన్ టేపు బొమ్మ మీదికి రాకుండా వేయండి. ఎండిపోయి జిగురు కారుతున్న పాత టేపు అతుకులను విప్పి, జిగురు తుడిచి, కొత్తవి వేయండి. సిమెంట్ అతుకు గట్టిగా ఉంటే దాని జోలికి పోకండి. ప్రతిసారీ కొత్తగా సిమెంట్ వేయాలంటే ఫ్రేము పోతుంది, నెగటివ్‌లో పోయిన ఫ్రేము మళ్లీ రాదు. పాలిస్టర్‌కు సిమెంట్ అసలు పట్టదు, దానికి టేపు లేదా అల్ట్రాసోనిక్ అతుకు.

శుభ్రానికి ముందు పొడి పద్ధతి. దుమ్ము లాగే జిగురు రోలర్ల మధ్యనుంచి ఒకసారి నడపండి. పోని మరకకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని బట్ట. ముందుగా లీడర్ (రీలు మొదట్లో బొమ్మ లేని ముక్క) మీద తుడిచి రంగు, సిరా గుర్తులు కరుగుతున్నాయేమో చూడండి. తుడుస్తున్న బట్టను కొద్ది అడుగులకే మడత మార్చాలి. బద్ధకిస్తే బట్టలో ఇరుక్కున్న ఇసుక రేణువు ఒకటి రీలు పొడవునా గీత గీస్తుంది. బూజు పట్టిన రీలుకు నీళ్లు తగలనివ్వకండి. బూజు జెలటిన్‌ను తినేస్తుంది, తిన్న చోట అది నీళ్లలో కరిగిపోతుంది. ఎండిన బూజును మాస్కు పెట్టుకుని, మిగతా రీళ్లకు దూరంగా తీయండి.

4. స్కానింగ్

కుదించుకుపోయిన రీలుకు స్ప్రాకెట్ పళ్లు లేని స్కానర్ అడగండి, అది రోలర్లతో లాగుతుంది, పెర్ఫరేషన్ ఎక్కడుందో కెమెరాతో చూసుకుంటుంది. బాగున్న నెగటివ్‌కు పిన్నులతో ఫ్రేమును పట్టి ఆపే స్కానర్ మేలు, బొమ్మ కదలదు.

ల్యాబ్‌కు రాతపూర్వకంగా ఇవ్వాల్సిన కోరికలు ఇవి: పెర్ఫరేషన్లు కనిపించేంత ఓవర్‌స్కాన్, కనీసం 10-బిట్ లాగ్ (వెలుగునీడల వివరం ఎక్కువగా దాచే పద్ధతి), ఫ్రేముకు ఒక డీపీఎక్స్ (కుదించని బొమ్మ) ఫైలు, షార్పెనింగ్ బంద్, నాయిస్ తగ్గింపు బంద్, ఆటో కలర్ బంద్. రంగు వెలిసిన ఫిల్ముకు 16-బిట్ అడగండి. వెలిసిన చోట ఎరుపు చానెల్‌లో మిగిలేది సన్నని తేడా. గ్రేడింగ్‌లో దాన్ని సాగదీసినప్పుడు 10-బిట్‌లో మెట్లు మెట్లుగా విడిపోతుంది.

వెట్-గేట్ కావాలా అక్కర్లేదా? ఫిల్మును దాని వక్రీభవన గుణకానికి (కాంతిని వంచే గుణానికి) దగ్గరగా ఉండే ద్రవంలో ముంచి స్కాన్ చేయడమే ఇది. వెనకవైపు (ఎమల్షన్ లేని, నిగనిగలాడే వైపు) గీతల్లో ద్రవం నిండి కాంతి చెదరదు, గీత మాయమవుతుంది. బొమ్మ పోయిన లోతైన ఎమల్షన్ గీతకు మాత్రం ఇది పనికిరాదు. ఏ వైపు గీతో తెలుసుకోవాలంటే ఫిల్మును ఏటవాలుగా వెలుతురుకు పట్టండి. నిగనిగలాడే వైపు గీతలుంటే వెట్-గేట్‌కు పెట్టే ఖర్చు దండగ కాదు. వాడే ద్రవం విషపూరితం, దానికి తగిన గాలి ఏర్పాటున్న ల్యాబ్‌లోనే చేయించాలి.

కొన్ని స్కానర్లు ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము పటం తీసిస్తాయి. కలర్ ఫిల్ముకు అది వరం. రంగులు ఇన్‌ఫ్రారెడ్‌ను దాటనిస్తాయి, దుమ్ము అడ్డుకుంటుంది, కాబట్టి దుమ్మే విడిగా కనిపిస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి. వెండి కూడా ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది కనుక మొత్తం బొమ్మంతా దుమ్ముగా తేలుతుంది. ఈ సంగతి తెలియక బ్లాక్ అండ్ వైట్ సినిమాకు ఇన్‌ఫ్రారెడ్ డబ్బు కట్టినవాళ్లున్నారు.

మొత్తం స్కాన్‌కు ముందు మూడు ముక్కలతో పరీక్ష చేయించండి: బాగా వెలుతురున్న పగటి షాటు, రాత్రి షాటు, గీతలు ఎక్కువున్న చోటు. మానిటర్ మీద కాదు, తెర మీద వేసి చూడండి.

నిల్వ లెక్క ఇదీ. 4096×3112 సైజులో 10-బిట్ డీపీఎక్స్ ఒక్కోటి 51 మెగాబైట్లు. 2,16,000 ఫ్రేములకు 11 టెరాబైట్లు. ఆపకుండా ఆడించాలంటే డిస్కు సెకనుకు 1.2 గిగాబైట్లు ఇవ్వాలి, అందుకే ఎడిటింగ్‌కు చిన్న ప్రాక్సీ కాపీ చేసుకోండి. స్కాన్ వచ్చిన రోజే ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే అంకె) తీసి రెండు నకళ్లు చేయండి, ఒకటి ఎల్‌టీఓ (కంప్యూటర్ ఫైళ్లు దాచే) టేపు మీద, వేరే భవనంలో. ఎల్‌టీఓ-8 టేపు ఒక్కోటి 12 టెరాబైట్లు, అంటే సినిమా మొత్తం ఒక టేపులో పడుతుంది, దాదాపు అంచు దాకా. ఈ మూల స్కాన్ మీద ఎప్పుడూ ఏ మార్పూ చేయకూడదు.

5. బొమ్మ బాగుచేయడం

పని వరస ముఖ్యం. మొదట రీళ్లను కలిపి, ఫ్రేములు పోయిన చోట అన్నే నల్ల ఫ్రేములు పెట్టండి. పెట్టకపోతే సౌండ్ నెగటివ్ (శబ్దం మాత్రమే ఉన్న ఫిల్ము) పూర్తిగా ఉండి బొమ్మ కుదించుకుపోతుంది, ప్రతి అతుకు దగ్గరా పెదవులకూ మాటకూ పొంతన ఇంకాస్త తప్పుతుంది. తర్వాత నల్ల ఫ్రేముల స్థానంలో వేరే కాపీ నుంచి తెచ్చిన బొమ్మ పెట్టి గ్రెయిన్, కాంట్రాస్టు కలపండి. ఒకటి రెండు ఫ్రేములైతే పక్క ఫ్రేముల నుంచి కల్పించవచ్చు. చెయ్యి వేగంగా ఊపుతున్న చోట కల్పిస్తే ఆరో వేలు మొలుస్తుంది, చూసుకోండి.

తర్వాత షాట్ల హద్దులు గుర్తించాలి. హద్దు తప్పితే సాఫ్ట్‌వేర్ ఒక షాటులోని ముక్కను పక్క షాటులోకి లాక్కొస్తుంది. ఆపైన కదలిక ఆపడం, మినుకు తగ్గించడం. ఈ రెండూ దుమ్ము తీయడానికి ముందే కావాలి, ఎందుకంటే దుమ్ము తీసే పనిముట్టు పక్క ఫ్రేములతో పోల్చి చూస్తుంది, అవి నిలకడగా లేకపోతే ఉన్నదీ లేనిదీ దుమ్మే అంటుంది. పెర్ఫరేషన్‌ను ఆధారం చేసుకుని ఆపితే స్కానర్ కదలిక పోతుంది గాని, షూటింగ్‌లో కెమెరాలోనే ఊగిన బొమ్మ అలాగే ఉంటుంది. దాన్ని బొమ్మలోని కదలని వస్తువును, ఒక గుమ్మాన్నో స్తంభాన్నో పట్టుకుని ఆపాలి.

ఇప్పుడు దుమ్ము. ఆటోమేటిక్ పనిముట్టు లెక్క చాలా మోటు: ఒక్క ఫ్రేములో ఉండి ముందూ వెనకా లేనిదంతా దుమ్ము. వాన చినుకు అలాగే ఉంటుంది. నిప్పురవ్వ, నాట్యంలో చెవి జూకా మీద తళుక్కుమన్న మెరుపు, ఎగిరిన పువ్వు రేకు, కత్తి అంచు కూడా అంతే. గుడ్డిగా నడిపితే వానలో తడుస్తున్న పాట వాన లేకుండా బయటికొస్తుంది. అందుకని అలాంటి షాట్లకు ఆటోమేటిక్ ఆపేసి చేత్తో తీయండి. ఏమేం తీసేసిందో విడిగా చూపించే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. బూడిదరంగు నేపథ్యం మీద తీసేసిన మచ్చలు మాత్రమే కనిపిస్తాయి. అందులో కనురెప్పో ముక్కుపుడకో ఆకారం కనిపించిందంటే ఆ షాటు వెనక్కి తీసుకోవాలి.

ప్రతి ఫ్రేమునూ పది సెకన్లు చూసినా 600 గంటలు పడుతుంది. కాబట్టి ముఖాలకు, మొదటి రీలుకు, పాటలకు ఎక్కువ సమయం, పోరాటాలకు తక్కువ అని ముందే పంచుకోండి.

గ్రెయిన్ తీసేయాలనే ఒత్తిడి వస్తుంది. లొంగకండి. గ్రెయిన్‌తోపాటే చర్మపు గరుకు, బట్ట నేత పోతాయి, మనుషులు మైనపు బొమ్మల్లా తయారవుతారు. ఫోన్‌లో అది శుభ్రంగా అనిపిస్తుంది, నలభై అడుగుల తెర మీద మాత్రం దాచుకునే చోటుండదు.

6. రంగు

గ్రేడింగ్ ప్రొజెక్టర్ మీద, చీకటి గదిలో, పీ3 (సినిమా ప్రొజెక్టర్ రంగుల పరిధి) రంగుల్లో, గామా (వెలుగునీడల వంపు) 2.6, తెల్లదనం 48 నిట్స్ (కాంతి కొలత) దగ్గర చేయండి. టీవీ మానిటర్ మీద చేస్తే హాల్లో రాత్రి సీన్లు మసిబారిపోతాయి. ఛాయాగ్రాహకుడో ఆయన సహాయకులో అందుబాటులో ఉంటే ఈ రోజులకు పిలవండి. పగలు తీసి రాత్రిలా చూపించిన షాట్లను పొరపాటనుకుని వెలుతురు పెంచేయడం ఇక్కడ తరచు జరిగే తప్పు. ఒరిజినల్ ప్రింటు పక్కన ఉంటే దొరికిపోతుంది.

7. శబ్దం

సౌండ్ నెగటివ్ ఉంటే దాన్నుంచే తీయండి, 96 కిలోహెర్ట్జ్, 24-బిట్. ప్రింటు నుంచి తీస్తే ఒకటి గుర్తుంచుకోవాలి: శబ్దం తన బొమ్మ కంటే 21 ఫ్రేములు ముందు ముద్రించి ఉంటుంది. బొమ్మను, సౌండ్ ట్రాక్‌ను ఒకే స్కాన్‌లో తీసుకున్నప్పుడు ఈ 0.875 సెకను జరపకపోతే సినిమా అంతా పెదవులు కలవవు. ప్రింటులో అతుకు దగ్గర బొమ్మ ఎగిరిన కాసేపటికి "టప్" మనడానికీ ఇదే కారణం.

సన్నగా, ఆగకుండా గుర్రుమంటుంటే 96 హెర్ట్జ్ దగ్గర చూడండి. సెకనుకు 24 ఫ్రేములు, ఫ్రేముకు 4 రంధ్రాలు, పెర్ఫరేషన్ అంచు సౌండ్ రీడర్‌కు తగులుతోందన్నమాట. ఫిల్టర్ వేయకముందు రీడర్‌ను కాస్త పక్కకు జరిపి మళ్లీ తీయండి. టపటపలు చేత్తో ఒక్కొక్కటే తీయాలి. హిస్ (సన్నని బుసబుస) మొత్తం తుడిచేస్తే తంబూరా నాదం, ఊపిరి కూడా పోతాయి, కొంచెం ఉంచడమే నయం.

టీవీ మాస్టరు నుంచి పాట తెచ్చి అతుకుతున్నారా? అది సెకనుకు 25 ఫ్రేముల వేగానికి మార్చినదైతే 4 శాతం పరుగెత్తుతుంది, శ్రుతి హార్మోనియం మెట్టులో ముప్పావు వంతు దాకా పైకెక్కుతుంది. వేగం తగ్గించాకే కలపండి. మోనో (ఒకే చానెల్ శబ్దం ఉన్న) సినిమాను మోనోగానే, మధ్య స్పీకర్‌కు మాత్రమే ఇవ్వండి. దాన్ని ఆరు చానెళ్లకు పరచడం మాకు నచ్చని పని. ఎవరైనా పట్టుబడితే అసలు మోనోను కూడా అదే డీసీపీ (హాలుకు పంపే డిజిటల్ సినిమా ప్యాకేజీ)తో పాటు విడిగా ఇవ్వండి.

8. డీసీపీ

హాలుకు వెళ్లేది డీసీపీ: జేపెగ్ 2000 బొమ్మ, 12-బిట్ ఎక్స్‌వైజెడ్ (డిజిటల్ సినిమా వాడే రంగుల లెక్క) రంగు, సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్లు. రెండున్నర గంటలకు బొమ్మ గరిష్ఠంగా 281 గిగాబైట్లు. డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది బొమ్మ నిష్పత్తి దగ్గర. పాత 1.37 (వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు) సినిమాను ఫ్లాట్ (1.85 నిష్పత్తి) కంటెయినర్‌లో, 1998×1080 మధ్యలో 1480×1080 బొమ్మగా, పక్కన నల్ల పట్టీలతో పెట్టాలి. తెర నిండాలని పైనా కిందా కోసి 1.85 చేస్తే ఎత్తులో 26 శాతం పోతుంది, నర్తకి పాదాలు తెగిపోతాయి, పక్క నటుడి నుదురూ పోతుంది. స్కోప్ (వెడల్పు తెర) సినిమాకు 2048×858. స్కాన్‌లో నొక్కుకుని ఉన్న స్కోప్ బొమ్మను రెండింతలు వెడల్పుకు విప్పడం మరవకండి. 18 ఫ్రేముల మూకీని 24కు మార్చాలంటే ప్రతి మూడో ఫ్రేమును రెండుసార్లు చూపించండి.

ఒకటి రెండు ఆటలకు ఎన్‌క్రిప్షన్ (డిజిటల్ తాళం) పెట్టుకోకండి. తాళం తేదీ, సర్వర్ సర్టిఫికెట్ ఏది తప్పినా ఆట ఆగిపోతుంది. డ్రైవును ఈఎక్స్‌టీ3 (లినక్స్ ఫైల్ పద్ధతి)లో ఫార్మాట్ చేసి, కాపీ అయ్యాక చెక్‌సమ్ సరిచూసి పంపండి.

9. హాల్లో

ఆటకు కనీసం ఒక రోజు ముందు సర్వర్‌లోకి ఎక్కించి, మొదటి నిమిషం చూసి వచ్చేయకుండా మొత్తం ఆడించండి. రీళ్లు మారే చోట్లే ఎక్కువ తప్పులు దొరుకుతాయి. 1.37 బొమ్మకు పక్క మాస్కింగ్ (తెర అంచున ఉండే నల్లబట్ట) లోపలికి తెప్పించండి, డిజిటల్ నలుపు నిజమైన నలుపు కాదు, మాస్కింగ్ లేకపోతే పక్కన బూడిదరంగు పట్టీలు మెరుస్తూనే ఉంటాయి. మాస్కింగ్ కదలని హాలైతే నల్లబట్ట వేలాడదీసినా పనవుతుంది. సౌండ్ ప్రాసెసర్ ఫేడర్ (శబ్దం హెచ్చుతగ్గుల మీట) 7 దగ్గర మొదలుపెట్టి, మోనో మాటలు వెనక వరసకు గీరుకుపోకుండా వినిపించే దాకా తగ్గించి ఆ అంకె ఒక కాగితం మీద రాసుకోండి. జనం నిండితే శబ్దం కొంత మింగేస్తారు, అందుకని ఒక మెట్టు పైన కూడా విని చూడండి.

ఆ కాగితం మీదే ఆపరేటర్ కోసం ఇవి రాసి ప్రొజెక్టర్ పక్కన అతికించండి: లెన్స్ ఫైలు (ప్రొజెక్టర్‌లో దాచిన లెన్స్ అమరిక) పేరు, మాస్కింగ్ స్థానం, ఫేడర్ అంకె, మొదటి బొమ్మ పడే సమయం, ఇంటర్వెల్ కార్డు ఎన్నో నిమిషంలో వస్తుంది, చివరి కార్డు తర్వాత ఎన్ని సెకన్లకు లైట్లు వేయాలి.